పాపకు, కడుపులో చేరిన నీరు గురించి

అనంతపురం,
ఆదివారం రాత్రి

పాపా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "పెద్దమ్మా, పక్కకు తిరిగితే కడుపులో నీళ్లు కదులుతున్నాయి" అన్నావు. పక్క గదిలో మీ అత్త ఉందని గొంతు తగ్గించి ఏడ్చావు. ఫోన్లో అన్నీ చెప్పడం కుదరలేదు, అందుకే రాస్తున్నాను. దీన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాను, నిదానంగా చదువుకో.

చదివే ముందు ఒక పని చెయ్. రేపు పొద్దున్నే హైదరాబాదులో నీకు టమ్మీ టక్, అంటే పొట్ట మీద వేలాడే చర్మం తీసేసి కుట్టే ఆపరేషన్, చేసిన డాక్టరుకు ఫోన్ చేసి, "నీరు చేరినట్టుంది, ఎప్పుడు రమ్మంటారు?" అని అడుగు. మొహమాటపడొద్దు. టమ్మీ టక్ చేసే డాక్టర్లు తరచూ వినే మాటే అది.

నీకు జరిగిందే 2014లో అదే ఆపరేషన్ తరువాత నాకూ జరిగింది. రెండు సిజేరియన్ల తరువాత వేలాడిన చర్మం మడతల్లో మన అనంతపురం ఎండలకు చెమట పట్టి, పుండ్లు పడి, ఏళ్ల తరబడి బాధపడి చివరికి బెంగళూరు వెళ్లి చేయించుకున్నాను. ఊరే నీరు బయటికి పోవడానికి పెట్టిన ట్యూబులు పన్నెండో రోజు తీశారు. "హమ్మయ్య" అనుకున్నాను. నాలుగు రోజులకు బొడ్డు కింద పొంగినట్టయింది. ఒక పక్క చెయ్యి పెట్టి రెండో పక్క తడితే నీళ్లు నింపిన తిత్తిలా అల ఆడింది. నేనూ నీలాగే భయపడి, ఎవరికీ చెప్పకుండా వారం రోజులు దాచాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. అది నువ్వు చెయ్యకూడదనే ఈ ఉత్తరం.

అసలు ఈ నీరు ఎక్కడిదో తెలిస్తే సగం భయం పోతుంది. ఈ ఆపరేషన్‌లో పొట్ట చర్మాన్ని, దాని కింది కొవ్వును కండరం మీద నుంచి పక్కటెముకల దాకా విడదీసి, మిగులు చర్మం కోసేసి, మిగతాది కిందికి లాగి కుడతారు. పైపొరకూ కండరానికీ మధ్య అవి మళ్లీ అతుక్కునేదాకా ఖాళీ ఉంటుంది. తెగిన సన్నని నాళాల నుంచి ఊరే నీరు ఆ ఖాళీలో చేరుతుంది. నీ కడుపు లోపల, పేగుల దగ్గర చేరింది కాదు. పైపొర కింద చేరింది. డాక్టర్లు దీన్ని సీరోమా అంటారు. ఈ ఆపరేషన్ తరువాత ఎక్కువమందికి వచ్చే ఇబ్బందుల్లో ఇది ముందుంటుంది. జాగ్రత్తగా ఉన్నవాళ్లకూ వస్తుంది. "నేనేం తప్పు చేశాను?" అని అడిగావు కదా. పొరలు అతుక్కునేదాకా నీరు ఊరడం ఒంటి స్వభావం తల్లీ, నువ్వు చేసిన తప్పు కాదు.

డ్రెయిన్ ట్యూబులు పెట్టింది కూడా ఈ నీటిని బయటికి తీయడానికే. రోజుకు 30 మి.లీ. కంటే తగ్గాక తీసేస్తామని చాలామంది డాక్టర్లు చెబుతారు. నీకు పదో రోజు తీశారు. ట్యూబు తీశాక ఊరిన నీటిని ఒళ్లే పీల్చుకోవాలి. ఊరేది ఎక్కువ, పీల్చుకునేది తక్కువ అయితే ఇలా నిలుస్తుంది.

ఇక్కడొక తేడా తెలుసుకో. వాపు వేరు, నీరు వేరు. వాపు అయితే పొట్టంతా బిగిసినట్టుంటుంది, పొద్దున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. అది నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది. నీరు అయితే ఒకచోట ఉబ్బుతుంది, తడితే కదులుతుంది, పక్కకు తిరిగితే ఆ పక్కకు జారుతుంది, రోజురోజుకూ పెరుగుతుంది. నువ్వు చెప్పినది నీరులాగే ఉంది. అయినా చెయ్యి పెట్టి చూసి తేల్చాల్సింది డాక్టరే. అనుమానముంటే స్కానింగ్ తీస్తారు. కొద్దిగా ఉంటే ఏమీ చెయ్యకుండా దానంతటదే ఇంకిపోతుందని వదిలేస్తారు కూడా.

ఎక్కువ ఉంటే సిరంజితో లాగుతారు. నువ్వు దీనికే వణుకుతున్నావని నాకు తెలుసు. పాపా, నీ బొడ్డు కింద చర్మానికి ఇప్పుడు స్పర్శ సరిగా లేదు కదా, అక్కడ సూది గుచ్చితే నాకు చీమ పాకినట్టు కూడా అనిపించలేదు. పది నిమిషాల పని. మొదటిసారి నాకు 140 మి.లీ. వచ్చింది, ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ల రంగులో. టేబుల్ దిగేసరికి బరువు దిగిపోయినట్టయింది. ఐదు రోజులకు మళ్లీ చేరింది, మళ్లీ వెళ్లాను. రెండోసారి 90, మూడోసారి 40, నాలుగోసారి 10. ఐదోసారి అవసరం రాలేదు. ఒకసారి తీశాక మళ్లీ చేరితే వైద్యం పని చెయ్యలేదని నిరాశపడకు. ప్రతిసారీ ఎంత వచ్చిందో ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసుకో. తగ్గుతూ వస్తే మంచి దారిలో ఉన్నట్టు. తగ్గకపోతే మళ్లీ సన్నని ట్యూబు పెట్టడమో, మందు ఎక్కించి పొరలు అతుక్కునేలా చెయ్యడమో చేస్తారు. దాచిపెట్టి నెలల తరబడి వదిలేస్తేనే నీటి చుట్టూ గట్టి సంచిలా పొర కడుతుంది. అప్పుడు దాన్ని కోసి తీయాల్సి రావచ్చు.

ప్రతిసారీ కర్నూలు నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా కారులో హైదరాబాదు పోవడం కష్టమే. అందుకే రేపు ఫోన్లో ఇంకో మాట అడుగు. కర్నూలులో ఏ సర్జన్ దగ్గర తీయించుకోవచ్చో చెప్పి, వాళ్లతో ఒకసారి మాట్లాడమని అడుగు. మీ పెద్దాసుపత్రిలో సర్జరీ విభాగం ఉంది, ప్రైవేటులోనూ సర్జన్లు ఉన్నారు. డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీ వెంట తీసుకుపో. మొదటిసారి మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరకే పోతే మేలని నా అభిప్రాయం, ఎక్కడ ఏం కుట్టారో వాళ్లకు తెలుసు. కారులో సీట్ బెల్టుకూ పొట్టకూ మధ్య చిన్న దిండు పెట్టుకో. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆపి నడువు.

కానీ వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర మాత్రం గుచ్చించుకోవద్దు. "ఇంతేగదమ్మా, ఇంటికొచ్చి తీసేస్తా" అని నాకూ ఒకాయన చెప్పాడు. మామూలుగా ఆ నీటిలో క్రిములు ఉండవు. శుభ్రం లేని సూది ఒక్కటి పోతే అదంతా చీము పట్టొచ్చు.

కాపడం కూడా వద్దు. ఇది నేను ఒంటి మీద మచ్చతో నేర్చుకున్న మాట. నేను దాచిన ఆ వారంలో, పక్కింటి పెద్దావిడ "వేడికి నీరు ఇంకుతుంది" అంటే నమ్మి వేడినీళ్ల బ్యాగు పెట్టుకున్నాను. చర్మానికి స్పర్శ లేదు కాబట్టి కాలుతున్నట్టే తెలియలేదు. తీసి చూస్తే అరచేయంత బొబ్బ. సీరోమా నెలన్నరలో పోయింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆవిడ ప్రేమతోనే చెప్పింది, నేను డాక్టరును అడగాల్సింది. ఐస్ గడ్డలు కూడా ఆ చర్మం మీద నేరుగా పెట్టకు.

ఇక పొట్టకు కట్టుకునే బెల్టు. ఉక్కగా ఉందని మధ్యాహ్నాలు తీసేస్తున్నానన్నావు. కర్నూలు ఏప్రిల్ ఎండలో అది ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా డాక్టరు ఆరు వారాలు పెట్టుకోమన్నాక స్నానానికి తప్ప తీయకు, ముఖ్యంగా నీరు లాగిన రోజున. పొరలు రెండూ ఆనుకుని ఉంటేనే అతుక్కుంటాయి. లోపల పల్చటి నూలు బనియను వేసుకుని, ముడతలు లేకుండా సర్ది, దాని మీద బెల్టు కట్టు. ఇంకో బెల్టు కొనుక్కో, ఒకటి ఉతికితే ఒకటి ఉంటుంది. బాలింతకు గుడ్డ కట్టినట్టు ఊపిరాడకుండా బిగించొద్దు. రెండు వేళ్లు దూరాలి. మరీ బిగిస్తే చర్మానికి రక్తం అందక కుట్టు దగ్గర నల్లబడొచ్చు.

పిల్లలను ఎత్తుకోవద్దు. ఇది చెబుతుంటే నాకే బాధగా ఉంది, నాలుగేళ్ల కవలలు చేతులు చాచితే ఏ తల్లి ఆగుతుంది? కానీ ఒక్కొక్కరు పదిహేను కిలోలు. నిండు బిందె, గ్యాస్ సిలిండరు, తడి బట్టల బకెట్టు కూడా ఎత్తొద్దు. లేచి వంగి చేసే ప్రతి పనికీ ఆ రెండు పొరలూ ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి, అతుకు వదులుతుంది, నీరు ఊరుతుంది. నువ్వు మంచం మీద కూర్చో, వాళ్లనే ఎక్కి పక్కన కూర్చోమను. రొట్టెలు తట్టడం ఆరు వారాలు మీ ఆయనో, పనమ్మాయో చూసుకుంటారు. అలాగని పడుకునే ఉండకూడదు. కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. గంటకోసారి లేచి ఇంట్లో నాలుగు అడుగులు వెయ్. రాత్రి వెల్లకిలా పడుకుని, తల కింద రెండు దిండ్లు, మోకాళ్ల కింద ఒకటి పెట్టుకో. దగ్గు, తుమ్ము వస్తే దిండును పొట్టకు అదుముకో.

తిండి విషయంలో మీ ఇంట్లో నడుస్తున్న పథ్యం వింటే నాకు భయమేసింది. పప్పు తింటే చీము పడుతుందని పప్పు ఆపేశారు, నీళ్లు తాగితే నీరు చేరుతుందని నీళ్లు తగ్గించారు. రెండూ తప్పే. నువ్వు తాగే నీళ్లు పోయి ఆ ఖాళీలో చేరవు. నీళ్లు తగ్గితే మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. రోజుకు రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, పెరుగు తీసుకో. రాగి సంగటి తినొచ్చు. ఊరగాయ, అప్పడాలు మాత్రం కొన్నాళ్లు తగ్గించు, ఉప్పుకు ఒంటి వాపు పెరుగుతుంది.

ఇప్పుడు చెప్పేవి వస్తే రేపటిదాకా ఆగొద్దు. జ్వరం, వణుకు, పొట్ట మీద ఎర్రగా వేడిగా పాకడం, కుట్టు నుంచి చీము లేదా చెడు వాసన, ఉన్నట్టుండి ఒక పక్క గట్టిగా ఉబ్బి నొప్పి పెరగడం, వీటిలో ఏది వచ్చినా అప్పటికప్పుడు ఆసుపత్రికి పోవాలి. ఒక పిక్కలో నొప్పి, వాపు వచ్చినా అంతే. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే 108కి ఫోన్ చెయ్యాలి. ఇవి మీ ఆయనకు కూడా చదివి వినిపించు.

చివరగా మీ అత్త సంగతి. "అందం కోసం కోయించుకుంది, అనుభవించనీ" అంటుందని భయపడి దాస్తున్నావు. కవలలను మోసిన పొట్ట అది. కండరం రెండుగా విడిపోయి నువ్వు నడుము నొప్పితో ఎంత ఏడ్చావో నేను చూశాను. ఒకవేళ కేవలం అందం కోసమే చేయించుకున్నావనుకో, అయినా సిగ్గుపడాల్సింది ఏముంది? ఎవరో ఏదో అంటారని నీరు పెంచుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. ఆవిడతో నువ్వు మాట్లాడలేకపోతే నేను మాట్లాడతాను. ఆవిడ చెడ్డది కాదు, ఆవిడకూ ఎవరూ చెప్పలేదు అంతే.

బుధవారం పొద్దున బస్సుకు బయలుదేరి మధ్యాహ్నానికి కర్నూలు వస్తాను. వారం రోజులుంటాను, పిల్లల స్నానాలు, వంట నేను చూసుకుంటాను. డాక్టరు బుధవారం లోపే రమ్మంటే నా కోసం ఆగకుండా మీ ఆయనతో వెళ్లు. నా దగ్గర 2014 నాటి నోట్‌బుక్ ఇంకా ఉంది, తేదీలు, మి.లీ.లు అన్నీ అందులో రాసున్నాయి. తెచ్చి నీకు చూపిస్తాను.

డాక్టరు ఏమన్నారో రేపు పది గంటలకల్లా నాకు ఫోన్ చెయ్.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ