కొడుకు ఫాదర్ అవుతానంటే అమెరికా లెక్కలు ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, కతోలిక కుటుంబం. మావాడు ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయ్యాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, ఫాదర్లకు శిక్షణనిచ్చే సెమినరీలో చేరి ఫాదర్ అవుతానంటున్నాడు. మాకు ఒక్కడే కొడుకు. వేరే క్రైస్తవ సంఘంలోకి వెళ్లిన మా బావగారేమో 'ఫాదర్లు బైబిల్లోనే లేరు, ఆ హారతులు అన్యాచారం' అంటున్నారు. ఒకవేళ చేర్పిస్తే మేత్రాసనంలోనా (ఒక బిషప్ కిందుండే ప్రాంతం), విదేశాలకు పంపే మఠసభలోనా (ప్రమాణాలు చేసి చేరే సన్యాసుల సంఘం)? ఏది మంచిది?

జవాబు: అయ్యా, మీరు అడిగినవి చాలా ఉన్నా అన్నిటి వెనకా ఉన్న భయం ఒక్కటే. ఒక్కగానొక్క కొడుకు మనకు కాకుండా పోతాడేమోనని. ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే ఇదే టెన్షన్‌తో తల్లిదండ్రులు నా దగ్గరకు వస్తుంటారు. దరఖాస్తు, సర్టిఫికెట్ల సంగతి మీ విచారణ (పారిష్) గురువులు చెబుతారు. నేను మిగతా విషయాలు మాట్లాడతాను.

ముందు మీ బావగారి మాట తీసుకుందాం. అందులో సగం నిజం ఉంది. కొత్త నిబంధన సంఘ పెద్దను యాజకుడని (పూజారి అని) పిలవదు. హెబ్రీయులకు రాసిన లేఖ క్రీస్తునే ప్రధాన యాజకుడంటుంది. పేతురు మొదటి లేఖ విశ్వాసులందరినీ కలిపి యాజక సమూహం అంటుంది. అయితే ఊరూరా పెద్దలను నియమించమని తీతుకు పౌలు చెప్పింది కూడా అదే కొత్త నిబంధనలో ఉంది. పెద్దలు తిమోతి మీద చేతులుంచిన సంగతీ అందులోనే ఉంది. కతోలిక గురుత్వం, అంటే ఫాదర్ల పదవి, ఆ వరుస నుంచే వచ్చిందని తిరుసభ (కతోలిక చర్చి) నమ్మకం. ఎప్పుడైనా ఒకరిని ఫాదర్‌గా నియమించే గురుపట్టాభిషేకానికి వెళ్లి దగ్గర్నుంచి చూడండి. అభ్యర్థి బలిపీఠం ముందు నేల మీద బోర్లా పడుకుంటాడు. జనమంతా పునీతుల ప్రార్థన పాడతారు. తర్వాత అతను లేచి మోకరిస్తే మేత్రాణులు (బిషప్) ఒక్క మాట కూడా పలకకుండా తల మీద చేతులు ఉంచుతారు. ఆ వెనక ఫాదర్లందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి అలాగే చేస్తారు.

ఇందులో తండ్రులు గమనించాల్సిన విషయం ఒకటుంది. పాత నిబంధనలో అహరోను కొడుకులు పుట్టుకతోనే యాజకులు. యేసు పుట్టింది యూదా గోత్రంలో, ఆ గోత్రానికి యాజకత్వమే లేదు. అందుకే హెబ్రీ లేఖ ఆయన్ను వంశావళి లేని మెల్కీసెదెకు అనే యాజకుడితో పోలుస్తుంది. అంటే ఇది ఇంటి హక్కుగా వచ్చేది కాదు, తల్లిదండ్రుల మొక్కుతో ముడిపడిందీ కాదు. తిరుసభ చట్టం 1026వ నియమం కూడా ఇదే చెబుతుంది. గురుపట్టం తీసుకోమని ఎవరినీ బలవంతపెట్టకూడదు, అర్హుడైనవాణ్ని అడ్డుకోనూ కూడదు. ఈ రెండో సగం మీ కోసమే అనుకోండి.

ఇక చర్చి పూజలో హారతి సంగతి. 1969లో రోమ్ (వాటికన్) మన దేశానికి పూజావిధానంలో 12 మార్పులు అనుమతించింది. నేల మీద కూర్చోవడం, చెప్పులు విప్పడం, చేతులు జోడించి నమస్కరించడం, నూనె దీపం, పూలతో ధూపంతో హారతి వాటిలో ఉన్నాయి. అంతకు ఎంతో ముందే, 1606లో తెలుగు నాయకుల ఏలుబడిలోని మదురైకి వచ్చిన ఇటలీ ఫాదర్ రాబర్ట్ డి నొబిలీ కావి కట్టి తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చుకున్నాడు. కాబట్టి ఇది నిన్నగాక మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు, దొంగచాటు వ్యవహారమూ కాదు. నా అభ్యంతరం వేరే ఉంది. హారతి పళ్లెం వస్తే సంస్కృతి వచ్చేసినట్టేనా? మన తెలుగు కతోలికుల్లో ఎక్కువమంది దళితులు. గుడి ఆచారాలకు చోటిచ్చి డప్పుకు ఎందుకివ్వలేదని దళిత క్రైస్తవులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ పోపు తర్వాతి స్థాయి అయిన కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి ఆ స్థానానికి వెళ్లిన మొదటి వ్యక్తి ఆయనే. మీవాడు పెద్దవాళ్ల వీధికి, పేటకు ఒకే మనిషిగా వెళ్లగలడా? సెమినరీలో నేర్చుకోవాల్సిన అసలు పాఠం అది.

మఠసభా, మేత్రాసనమా అని అడిగారు. మీరు దాన్ని వీసా లెక్కలోనే చూస్తున్నారు. ఇది నాకు బాధ కలిగించింది, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. మఠసభలో చేరినవాళ్లు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు ప్రమాణాలు చేస్తారు. అమెరికాలో పనిచేసినా జీతం సభకే వెళ్తుంది. మేత్రాసన గురువుకు పేదరికం ప్రమాణం లేదు కానీ మేత్రాణులు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి. అమెరికాలో ఫాదర్ల కొరత ఉంది కాబట్టి మనవాళ్లు చాలామంది వెళ్లారు, మంచి సేవ చేస్తున్నారు. కానీ పాతికేళ్లు నిండీ నిండకుండానే పంపేస్తామనే చోటును నేను నమ్మను. ఇక్కడ పండక్కి ఊరంతా ఇంటికొచ్చే మనిషి, అక్కడ చలికాలంలో కారేసుకుని రెండు మూడు చర్చిలు ఒక్కడే తిరగాలి. ఆ ఒంటరితనాన్ని డాలర్లు తీర్చవు. కొడుకును దేవుడికిస్తున్నానని ఊళ్లో చెప్పుకుంటూ లోపల డాలర్లు లెక్కపెట్టకండి.

మీ ముసలితనం గురించి దిగులు పడకండి. దేవుడికి ఇచ్చేశామనే వంకతో తల్లిదండ్రులను గాలికి వదిలేసినవాళ్లను మార్కు సువార్త ఏడో అధ్యాయంలో యేసే తప్పుపట్టాడు. ఫాదర్లు ఇంటికొస్తారు, అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్తారు. పైగా పట్టానికి 25 ఏళ్లు నిండాలి. తత్వశాస్త్రం, దైవశాస్త్రం పూర్తయ్యేసరికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి మనసు తేల్చుకోవడానికి కావాల్సినంత సమయం ఉంది. మధ్యలో వద్దనుకుని వచ్చేస్తే అది పరువు తక్కువ కాదు. ఆ మాట మీవాడికి ఇప్పుడే, మీ నోటితోనే చెప్పండి. చేరాక డిగ్రీ కూడా చదివిస్తారా అని అడిగి తెలుసుకోండి.

ఈ వారమే విచారణ ఫాదర్‌గారి దగ్గరకు వెళ్లండి. అబ్బాయిని వెంట తీసుకెళ్లండి, కానీ అక్కడ అతన్నే మాట్లాడనివ్వండి.