ప్రార్థన చేస్తున్నా దిగులు పోవడం లేదు.. నా విశ్వాసంలో లోపమా?

ప్రశ్న: నా వయసు 36. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీద పనిచేస్తారు. ఇద్దరు పిల్లలు. ఏడాదిగా ఏదో చెడు జరగబోతోందని ఒకటే గుబులు. పొద్దు వాలితే చాలు గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పడం. ఆయన ఫోన్ ఎత్తకపోతే ఆ రాత్రి ఇక నిద్ర ఉండదు. గుండె పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు. మేము ప్రభువును నమ్ముకున్నవాళ్లం. వారానికి రెండు రోజులు ఉపవాసం ఉంటున్నాను, రాత్రి ఒంటిగంట దాకా మోకాళ్ల మీదే ఉంటున్నాను. సంఘంలో అక్కలు ‘నీకు విశ్వాసం చాలదు’ అంటున్నారు. మా అత్త ‘జడుసుకున్నావు, తాయెత్తు కట్టించుకో’ అంటోంది. మెడికల్ షాపులో ఇచ్చిన చిన్న మాత్ర వేసుకుంటే కాస్త కునుకు పడుతోంది. మందు వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేనా? ఈ భయం పోయే దారేమిటి?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మందు వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టు కానే కాదు. ముందు ఆ బరువు దించుకోండి. మీకు వచ్చింది ఒక జబ్బు. దీన్ని ఆందోళన రుగ్మత అంటాం. ఆరు నెలలకు పైగా, దాదాపు రోజూ, అదుపులో లేని దిగులు, దానితోపాటు నిద్ర చెడటం, ఒళ్లు బిగుసుకోవడం, అలసట, చిరాకు, పని మీద మనసు నిలవకపోవడం ఉంటే ఈ కోవలోకే వస్తుంది. మీరు రాసిన దాన్ని బట్టి నాకు అలాగే అనిపిస్తోంది. అయినా ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిన డాక్టరే దాన్ని ఖాయం చేయాలి.

మీ భయానికి అసలు కారణమే లేదని నేను అనను. సముద్రం మీద బతికే ఇంట్లో భయం ఊరికే పుట్టదు. 2018 చివర్లో వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ బయటపడలేదు. అదే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. ఇవన్నీ చూసిన మనసు జాగ్రత్త పడటం న్యాయమే. అయితే తుపాను దాటిపోయాక కూడా కళింగపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక దించడం మర్చిపోతే ఎలా ఉంటుందో, మీ ఒంట్లో ఇప్పుడు అలా ఉంది. ఆయన క్షేమంగా ఉన్న రోజున కూడా మెదడు ‘ముప్పు’ అంటూనే ఉంది. దాని మాట విని ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతోంది. గుండె దడ, చెమట, కడుపులో తిప్పడం అన్నీ దాని పనే. ఈసీజీలో ఏమీ కనిపించకపోవడానికి కారణం ఇదే. మీరు నటిస్తున్నారనీ కాదు, గాలి సోకిందనీ కాదు. మీ అత్తగారిని కోప్పడకండి. ఒళ్లు వణుకుతుంటే పాతకాలం వాళ్లకు తెలిసిన పేరు జడుపే.

ఇప్పుడు ప్రార్థన సంగతి. నేను పాస్టరును కాను. నాకు తెలిసిన వాక్యాలు చాలావరకు నా పేషెంట్లు చెప్పినవే. వాళ్లలో పాస్టర్లు కూడా ఉన్నారు, వాళ్లకూ ఇదే జబ్బు వచ్చింది. వాళ్లందరి దగ్గరా గమనించింది ఒకటి చెబుతాను.

మీరు సాయంత్రం ఆయనకు వాట్సాప్‌లో మెసేజ్ పెడతారు. ఒక్క టిక్కే పడుతుంది. రెండోది పడలేదు. ఐదు నిమిషాలకు మళ్లీ చూస్తారు. కాల్ చేస్తారు, కలవదు. పక్క బోటులో ఉన్నవాళ్ల ఇంటికి ఫోన్ చేస్తారు. ఎవరో ఒకరు ‘బాగానే ఉన్నారులే’ అంటారు. అమ్మయ్య అనిపిస్తుంది. ఆ ఊరట ఎంతసేపు ఉంటుంది? బహుశా అన్నం వార్చేంతసేపు కూడా ఉండదు. మళ్లీ టిక్కు చూస్తారు. ఊరట దొరికిన ప్రతిసారీ మెదడు ‘ఫోన్ చేశాను కాబట్టే గండం గడిచింది’ అనే లెక్క వేసుకుంటుంది. అందుకే రేపు ఇంకో రెండుసార్లు ఎక్కువ చేయిస్తుంది. ఈ జబ్బును పెంచి పోషించేది ఈ చక్రమే.

ప్రార్థన కూడా ఇదే చక్రంలో చిక్కుకోవచ్చు. ‘ప్రభువా, ఆయనకు ఏమీ కాదని చెప్పు’ అని అడిగి, లేచి, మనసులో ఇంకా దడ ఉందేమో చూసుకుని, ఉంటే మళ్లీ మోకాళ్ల మీదికి వెళ్లడం. ‘సరిగ్గా చేయలేదేమో, మధ్యలో మనసు చెదిరిందేమో’ అని మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టడం. రాత్రి ఒంటిగంట దాకా మీరు చేస్తున్నది ఇదేనా? అవునో కాదో మీరే చూసుకోవాలి. అవునైతే, అక్కడ దేవుడి మీద నమ్మకం కంటే దిగులే మీ చేత ఎక్కువ పని చేయిస్తోంది. ఏమీ జరగదన్న మాట ఎవ్వరూ ఎవ్వరికీ ఇవ్వలేరు. నాకు తెలిసినంతవరకు మీ గ్రంథం కూడా ఆ మాట ఇవ్వదు. తోడుంటానని మాత్రం ఇస్తుంది. ఈ రెండింటికీ ఉన్న తేడాను పట్టుకున్న పేషెంట్లు త్వరగా తేరుకోవడం చూశాను. ‘ఏమీ కాకూడదు’ అన్న ప్రార్థనను ఒక్కసారి చేసి, ఆమెన్ అని లేచి, దడ ఉండగానే అంట్లు తోముకోవడం, పిల్లల హోంవర్క్ చూడటం. దడ దానంతట అదే దిగుతుంది. మొదటి వారం కష్టంగా ఉంటుంది, తర్వాత ఆ కష్టం తగ్గుతుంది.

‘విశ్వాసం చాలదు’ అన్న అక్కలకు గెత్సేమనే తోటను గుర్తు చేయండి. సిలువకు ముందు రాత్రి అక్కడ యేసు తన ప్రాణం మరణమంత దుఃఖంలో ఉందని శిష్యులతోనే చెప్పారు, ఒంటరిగా వదలొద్దు, మెలకువగా ఉండండి అని అడిగారు. ఆయన చెమట రక్తపు బిందువుల్లా పడిందని రాసిన లూకా వైద్యుడే. రాబోయే శ్రమల గిన్నె తొలగించమని మూడుసార్లు ప్రార్థించినా అది తొలగలేదు. ఆయనకు విశ్వాసం చాలలేదని ఏ సంఘంలోనైనా అంటారా? ‘దేనిగురించీ చింతపడవద్దు’ అని ఫిలిప్పీయులకు రాసిన పౌలు, కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో సంఘాలన్నిటి గురించిన చింత తనకు రోజూ ఉందని దాచకుండా రాసుకున్నాడు. లండన్‌లో వేలమందికి బోధించిన చార్లెస్ స్పర్జన్ పేరు మీ పాస్టరు గారికి తెలిసే ఉంటుంది. 1856లో ఆయన ప్రసంగిస్తున్న హాలులో ఎవరో నిప్పంటుకుందని అబద్ధపు కేక పెడితే తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. అప్పుడు ఆయనకు 22 ఏళ్లు. ఆ తర్వాత జీవితమంతా కుంగుబాటు వస్తూ పోతూ ఉండేదని ఆయన ప్రసంగాల్లోనే చెప్పుకునేవారు.

ఉపవాసం గురించి మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను. మీరు ఇప్పుడు ఉపవాసాలు ఆపండి. ఖాళీ కడుపుతో, నీళ్లు తక్కువైన ఒంట్లో వణుకు, దడ, కళ్లు తిరగడం ఎవరికైనా వస్తాయి. దిగులు పడ్డ మనసు వాటినే ‘ఇదిగో, చెడు సూచన’ అని పట్టుకుంటుంది. దానికి తోడు నిద్ర లేదు. నాలుగు రోజులు నిద్ర చెడితే ధైర్యవంతుడికైనా భయం పుడుతుంది. ఏలీయా ప్రవక్త కథ మీకు తెలుసు కదా. యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, చెట్టు కింద పడుకుని, చావే మేలు అన్నాడు. దేవదూత వచ్చి ముందు బోధ చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు. పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. మీ సంఘంలో ఎవరైనా ఉపవాసం ఎందుకు మానేశావని అడిగితే ఈ అధ్యాయం చూపించండి, మొదటి రాజులు 19.

రాత్రి పదిన్నరకల్లా పడుకోండి. పొద్దు వాలాక టీ వద్దు. సాయంత్రం దడ మొదలయ్యే వేళకు గట్టిగా పాడుకోండి, మీ కీర్తనల పుస్తకంలోవే. ఇందులో మాయేమీ లేదు. పాడేటప్పుడు గాలి పీల్చడం చిటికెలో అయిపోతుంది, వదలడం చరణం పొడవునా సాగుతుంది. ఊపిరి వదలడం ఎంత నిదానమైతే గుండె అంత నెమ్మదిస్తుంది. యోగా క్లాసులో చెప్పేదీ ఇదే, మీకు పాట ఉంది. చదువుకోవాలనుకుంటే 55వ కీర్తన, 56వ కీర్తన చదవండి. భయం లేనట్టు నటించని కీర్తనలవి. వణుకు వస్తోందని ముందు ఒప్పుకుని, తర్వాత దేవుడి దగ్గరకు వెళ్తాయి. నోటితో పైకి చదవండి, ఒక్కసారి చాలు.

మీ ఆయనతో ఒక ఒప్పందం చేసుకోండి. సిగ్నల్ ఉన్న రోజుల్లో ఒక వేళకు ఒక్క ఫోన్. బోటు సముద్రం లోపలికి వెళ్లే ముందు ఎన్ని రోజులకు ఒడ్డుకు వస్తారో చెప్పి వెళ్లాలి. ఆ రోజులు గడిచేదాకా టిక్కులు చూడటం, పక్కింటి వాళ్లను అడగటం ఉండకూడదు. చింత ఎలాగూ వస్తుంది కాబట్టి దానికో వేళ పెట్టండి. సాయంత్రం ఐదుకు పావుగంట, కాగితం మీద రాయండి. మిగతా వేళల్లో వస్తే ‘ఐదింటికి చూద్దాం’ అనుకోండి. నవ్వొచ్చినా చేసి చూడండి, చాలామందికి పనిచేస్తుంది.

ఇవి చేస్తూనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ముందు హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ చేయించండి. థైరాయిడ్ ఎక్కువైతే అచ్చం ఇలాగే దడ, వణుకు, చెమట ఉంటాయి. రక్తం తక్కువైనా గుండె దడ తప్పదు. అవి బాగుంటే శ్రీకాకుళం జీజీహెచ్, అదే అందరూ ఇంకా రిమ్స్ అనే ఆస్పత్రిలో మానసిక విభాగం ఓపీకి వెళ్లండి. ‘పిచ్చి డాక్టరు’ అని ఎవరైనా అంటే అననివ్వండి. ఆ ఓపీలో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది మీలాగే నిద్ర పట్టనివాళ్లు, దిగులు పడేవాళ్లు. వెళ్లలేని రోజున 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అది, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

డాక్టరు మాట్లాడి, భయాన్ని ఎదుర్కొనే పద్ధతులు నేర్పిస్తారు. అవసరమైతే సెర్ట్రలిన్, ఎసిటాలోప్రామ్ వంటి మందు రాస్తారు. ఇవి అలవాటుపడే మత్తుమందులు కావు. మొదటి వారం వికారం, కాస్త కంగారు ఎక్కువైనట్టు ఉండొచ్చు. చాలామంది ఆ వారంలోనే మానేసి ‘పడలేదు’ అంటారు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు వారాలు పడుతుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించి ఆపాలి. గర్భం ఉన్నా, ఉండొచ్చని అనుమానమున్నా ముందే చెప్పండి.

మీరు వేసుకునే చిన్న మాత్ర పేరు రాయలేదు. నా అనుమానం అది ఆల్ప్రాజోలామ్ లాంటిదని. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. కునుకు పట్టిస్తుంది, కానీ రోజూ వేసుకుంటే ఒళ్లు దానికి అలవాటుపడుతుంది, తర్వాత అరమాత్ర చాలక ఒకటి, ఒకటి చాలక రెండు అవుతాయి. అలాగని ఈ జవాబు చదివి రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి. వారాల తరబడి రోజూ వేసుకుని ఉంటే ఉన్నట్టుండి ఆపితే భయం రెట్టింపవుతుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. మాత్రల షీటు వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి, ఎలా తగ్గించాలో వాళ్లు చెబుతారు.

పాస్టరు గారికి చెప్పాలా అని మీకు అనుమానం ఉండొచ్చు. చెప్పండి. ‘నాకు ఈ జబ్బు ఉంది, మందు వాడుతున్నాను, మీరు ప్రార్థన చేయండి, మందు మానమని మాత్రం చెప్పకండి’ అని ఇదే మాటల్లో చెప్పండి. నేను చూసిన పాస్టర్లలో ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒకవేళ ఆయన ‘మాత్రలు పారేయి, స్వస్థత పొందావు’ అంటే ఆ ఒక్క విషయంలో ఆయన మాట వినకండి. అలాగే సంఘంలో అందరికీ చెప్పుకోనక్కర్లేదు. మీ కష్టం విని బోధ చేయకుండా పక్కన కూర్చునే అక్క ఒక్కరు ఉంటారు, ఆవిడను ఓపీకి తోడు తీసుకెళ్లండి. ఆదివారం ఆరాధన మాత్రం దిగులు ఉందని మానకండి. వెనక వరసలో కూర్చున్నా సరే, వెళ్లండి.

ఎప్పుడైనా బతకాలని లేదనిపించినా, పిల్లలతో కలిసి చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించినా ఓపీ రోజు దాకా ఆగవద్దు. ఆ క్షణమే ఇంట్లో ఎవరికైనా చెప్పి 14416కు గానీ 108కి గానీ ఫోన్ చేయించండి. ఛాతీ నొప్పి ఎడమ చేతికో, దవడకో పాకుతూ చల్లచెమటలు పడితే మాత్రం ‘నాకు మామూలేగా’ అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లాలి.