హాని తగ్గింపా, హాని నివారణా?

సందేహం: గురువుగారూ, నమస్కారం. ఎంఎస్సీ నర్సింగ్‌లో కమ్యూనిటీ హెల్త్ చదువుతున్నాను. సూదితో మత్తుమందులు తీసుకునేవారి ఆరోగ్యం మీద నా పరిశోధన. వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు, సమ్మతి పత్రం తెలుగులో రాసుకున్నాను. ‘హార్మ్ రిడక్షన్’ను ‘హాని తగ్గింపు’ అంటే మా మేడమ్ ‘హాని నివారణ’ అని దిద్దారు. ‘తగ్గింపు’ బట్టల షాపు బోర్డులా ఉందన్నారు. ఏది సరైనది? ‘హెల్త్ ఈక్విటీ’కి ‘ఆరోగ్య సమానత్వం’, ‘మార్జినలైజ్డ్’కు ‘అట్టడుగు వర్గాలు’ సరిపోతాయా? పత్రం జత చేస్తున్నాను.
– ఒక విద్యార్థిని, గుంటూరు

సమాధానం: అమ్మా, మీరు రాసిందే సరైనది. నివారణ అంటే రాకుండా ఆపడం, అసలు లేకుండా చేయడం. దోమల నివారణ, పోలియో నివారణ అన్నప్పుడు మన మనసులో ఉండేది అదే. హార్మ్ రిడక్షన్ చెప్పేది వేరు. మనిషి ఈరోజే మత్తు మానలేకపోవచ్చు. మానినా మానకపోయినా అతనికి హెచ్ఐవీ, హెపటైటిస్ సోకకుండా, డోసు ఎక్కువై ప్రాణం పోకుండా చూద్దాం అంటుంది. మానితేనే వైద్యం అనే షరతు అందులో లేదు. ‘నివారణ’ అని రాస్తే ఆ షరతు దొడ్డిదారిన మళ్లీ లోపలికి వస్తుంది. మీ పత్రం చేతికి తీసుకున్నవాడు ‘వీళ్లు నాచేత మాన్పించడానికి వచ్చారు’ అనుకుంటాడు, రెండో ప్రశ్నకే లేచి వెళ్లిపోతాడు.

మీ మేడమ్‌గారి ఇబ్బంది నాకు అర్థమైంది. ‘తగ్గింపు’ అనగానే ఆషాఢం సేల్ గుర్తుకొస్తుంది. అయినా మాట నిర్మాణం చూడండి. ‘తగ్గు’ నుంచి ‘తగ్గుదల’ వచ్చింది, ‘తగ్గించు’ నుంచి ‘తగ్గింపు’ వచ్చింది. మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఒకరు పూనుకుని చేసేది. కెనడాలోని వాంకూవర్‌లో, డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ అనే పేదపేటలో 2003లో ‘ఇన్‌సైట్’ అనే కేంద్రం తెరిచారు. మత్తుమందు ఎవరిది వారు తెచ్చుకుంటారు. నర్సులు శుభ్రమైన సూది ఇస్తారు, పక్కనే ఉండి కనిపెట్టుకుంటారు, ఊపిరి ఆగేలా ఉంటే ఆక్సిజన్, మత్తుకు విరుగుడైన నాలోక్సోన్ మందు అందిస్తారు. ఆ నర్సులు చేసేది తగ్గింపు. ఆ కేంద్రం చుట్టూ అర కిలోమీటరు లోపల, డోసు ఎక్కువై చనిపోయేవారి రేటు 35 శాతం పడిపోయిందనీ, మిగతా నగరంలో 9 శాతమే పడిందనీ 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఒక అధ్యయనం వేసింది. అది తగ్గుదల. అదే ఏడాది ఆ కేంద్రాన్ని మూసేయకూడదని కెనడా సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. మీ థీసిస్‌లో తగ్గింపు, తగ్గుదల అనే ఈ రెండు మాటలనూ ఎక్కడికక్కడ వాడుకోండి. ప్రశ్నల కాగితం మీద మాత్రం నామవాచకమే వద్దు. ‘మీకు హాని తగ్గేలా’ అంటే చాలు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి, ఎందుకంటే అందులో ప్రమాదం ఉంది. మీ పత్రం మూడో పేజీలో ‘సూదుల మార్పిడి కార్యక్రమంలో పాల్గొంటున్నారా?’ అని ఉంది. మా వీధిలో ఇస్త్రీబండి పెట్టుకున్నాయనకు ఆ వాక్యం చదివి వినిపించాను. ఆయన పెట్టె పక్కకు దించి, “ఒకరి సూది ఒకరు వేసుకోవడమా అండీ? అది తప్పు కదా?” అన్నాడు. ఆయన తెలుగు నిక్కచ్చిగా ఉంది. కుండమార్పిడి పెళ్లిళ్లంటే వీళ్లమ్మాయి వాళ్లింటికి, వాళ్లమ్మాయి వీళ్లింటికి వెళ్లడం. మార్పిడి అంటే మనకు ముందు తోచేది ఇద్దరి మధ్య ఇచ్చిపుచ్చుకోవడమే. ఏ పని చేయొద్దని చెప్పడానికి వెళ్తున్నారో ఆ పనే చేస్తున్నారా అని అడిగినట్టయింది. ‘వాడిన సూది ఇచ్చేసి కొత్తది తీసుకుంటున్నారా?’ అని రాయండి. మన 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం కూడా ఇలాంటి ఉదాహరణే ఇచ్చి, కార్యక్రమం కింద శుభ్రమైన సూది ఇచ్చినవారి మీదా తీసుకున్నవారి మీదా ఆ కారణంతో కేసు ఉండదని చెప్పింది. ఆ సంగతి మీరు అడగబోయేవారికి తెలియకపోవచ్చు. ఒక వాక్యంలో చెప్పండి, టెన్షన్ తగ్గుతుంది.

ఇక ఈక్విటీ. ‘సమానత్వం’ అంటే అందరికీ ఒకే కొలత. ఈక్విటీ అంటే ఎవరికి ఎంత అవసరమో అంత అందడం. ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదు’ అంటాం కదా. వడ్డించేవాడు మనవాడు కాకపోయినా కడబంతికి కూర అందడమే మీరు చెప్పదలచుకున్నది. రాత్రిపూట పేవ్‌మెంట్ మీద పడుకునేవాడికి ఉదయం తొమ్మిదింటి ఓపీ చీటీ, ఇల్లూ ఆధార్ కార్డూ ఉన్నవాడికి అదే ఓపీ చీటీ, చూడటానికి సమానమే. అందడంలో సమానం కాదు. నేనైతే ‘ఆరోగ్యంలో సమన్యాయం’ అంటాను. ‘సమత’ కూడా తప్పు కాదు, కానీ వినేవారికి సమానత్వంలాగే వినిపిస్తుంది.

‘అట్టడుగు వర్గాలు’ అనగానే మన పాఠకుడు కులం, పేదరికం అనుకుంటాడు. మీరు కలిసేవారిలో చాలామందికి అది వర్తించవచ్చు. కానీ డబ్బున్న ఇంటి కుర్రాడినీ సూది పట్టాక బంధువులు గడప తొక్కనివ్వరు. ‘అణగారిన’ అంటే వాళ్లంతట వాళ్లే అణగిపోయినట్టుంది, అణచినవాడు కనబడడు. నాకు నచ్చేది ‘వెలివేతకు గురైనవారు’. వెలివేసినవారు ఉన్నారని ఆ మాటే గుర్తుచేస్తుంది. అయితే ఇది థీసిస్‌కే. మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు అతన్ని ఏ వర్గంలోనూ వేయకండి.

ఆరో ప్రశ్న నన్ను చాలా బాధపెట్టింది. ‘మీరు ఎంతకాలంగా మత్తుకు బానిసగా ఉన్నారు?’ పేపర్లలో రోజూ చూసే మాట కాబట్టి మీ చేతికి అలవాటుగా వచ్చేసింది. చక్కెర జబ్బు ఉన్నవారిని ‘తీపికి బానిసలు’ అని మనం రాయం. ‘ఎంతకాలంగా తీసుకుంటున్నారు?’ అంటే మీకు కావలసిన జవాబు వస్తుంది, అడిగించుకున్నవాడి తల వంగదు.

సమ్మతి పత్రం చివర ‘అధ్యయనము నుండి ఏ దశలోనైనను వైదొలగు హక్కు కలదు’ అన్నారు. దాని బదులు ఇలా రాసి, పైకి చదివి వినిపించండి: ‘మధ్యలో వద్దనిపిస్తే ఆపేయొచ్చు. ఎందుకని అడగం. మీకు ఇప్పుడు అందుతున్న మందులు ఆగవు.’