కోరంగి మడల్లో నడవబోయే మేనకోడలికి

చిరంజీవి చిట్టికి మావయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు పిల్లల్నీ మీ అత్తగారినీ కోరంగి మడ అడవికి తీసుకెళ్తానన్నావట, అమ్మ చెప్పింది. తప్పకుండా తీసుకెళ్ళు. అత్తగారి మోకాళ్ళ గురించి బెంగ పెట్టుకోకు. ఎక్కేదీ దిగేదీ ఏం లేదు. బురద మీద ఎత్తుగా వేసిన చెక్కబాట, చెట్ల మధ్య మలుపులు తిరిగి మళ్ళీ మనల్ని గేటు దగ్గరికే తెచ్చి వదులుతుంది. తేలిక దారి కావడమే దాంతో వచ్చిన చిక్కు. జనం ఫోటోలు దిగుతూ గబగబా చుట్టేసి, "చెట్లు తప్ప ఏముందండీ" అనుకుంటూ బయటికొచ్చేస్తారు.

అక్కడ గడియారం కంటే పోటూ పాటూ ముఖ్యం. పోటు మీద వెళ్తే బాట కింద నీళ్ళే నీళ్ళు. పాటు మీద, నీళ్ళు తీసేశాక వెళ్తే బురదంతా బయటపడుతుంది. చూడాల్సిందంతా ఆ బురదలోనే ఉంది. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మర్నాటికి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఇవాళ పొద్దున్న 7 గంటలకి నీళ్ళు తీస్తే రేపు 8 కావస్తుందన్నమాట. అమావాస్యకీ పున్నమికీ నీళ్ళు బాగా లాగేస్తాయి. అష్టమి నవముల్లో అంత తేడా ఉండదు.

అలాగని పుష్య అమావాస్య నాడు మాత్రం బయల్దేరకు. ఆ రోజు దారిలో ఉన్న చొల్లంగి ఊళ్ళో తీర్థం. సంగమ స్నానాలకి వచ్చే జనంతో మీ కారు జగన్నాథపురం వంతెన దాటేసరికే పూట గడిచిపోతుంది. పండగ మూడు రోజులూ కూడా వద్దు. కనుమ వెళ్ళాక ఏ మంగళవారమో బుధవారమో పెట్టుకో. కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద దాదాపు 18 కిలోమీటర్లు, అంతే. గేటు ఎన్నింటికి తీస్తారో, ఏ రోజు మూస్తారో ముందే కనుక్కో.

లోపలికి వెళ్ళాక పాతిక అడుగులు వేసి ఆగిపో. అవును, ఆగిపో. కిందికి చూస్తే బురదలో చిన్న చిన్న కన్నాలు తప్ప ఏమీ ఉండవు, ఎందుకంటే మీ అడుగుల చప్పుడుకీ నీడకీ పీతలన్నీ లోపలికి దూరిపోయాయి. పిల్లల్ని కదలకుండా నిలబెట్టు. రెండు మూడు నిమిషాల్లో ఒక్కొక్కటే బయటికొస్తాయి. మగ పీతకి ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దది, రెండోది బుల్లిది. పెద్ద డెక్క పైకెత్తి దించి, ఎత్తి దించి, ఆడ పీతల్ని పిలుస్తుంటుంది. పక్క గుంటలోనే బురద రంగు చేపలుంటాయి, కళ్ళు నెత్తి మీద. అవి బురద మీద రెక్కలతో పాక్కుంటూ వచ్చి టక్కున గెంతుతాయి. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ నీళ్ళ బయట కూడా ఊపిరి పీల్చుకోగలవు. చేప నడవడం చూశాక మీ పెద్దాడు ఇక ఫోన్ అడగడు, పందెం.

బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు నిలబడేవి మొక్కలు కావు, మడచెట్టు వేళ్ళు. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి ఊపిరి కోసం పైకి లేస్తాయి. మడ ఆకు మీద వేలు రాసి నాలిక్కి అంటించుకుంటే ఉప్పగా ఉంటుంది. చెట్టు తాగిన ఉప్పుని ఆకుల మీద కక్కేస్తుంది. కానీ ఈ పని అక్కడి గార్డు ఏది మడో చూపించాకే చేయనివ్వు. పక్కనే తిల్ల చెట్టుంటుంది. దాని ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం, ఒంటి మీద పడితే బొబ్బలు. రాలే ముందు ఎర్రబడ్డ ఆకులు ముద్దుగా ఉంటాయి, చిన్నది ఏరుకుంటానంటుంది. "ఏ ఆకూ తుంచకూడదు, ఏరకూడదు" అని కారు దిగకముందే చెప్పు.

పిట్టల్లో లకుముకి కోసం చూడండి. నలుపూ తెలుపూ చుక్కలది కాలవ మీద గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువునా నీళ్ళలోకి పడుతుంది. బావురుపిల్లి, నీటికుక్క కూడా ఇక్కడుంటాయి, కానీ బావురుపిల్లి రాత్రి తిరిగే జీవం. చూపిస్తామని పిల్లలకి ఆశ పెట్టకండి.

అల్లుడుగారు "ఈ తుప్పల్ని ఇంత కాపాడటం ఎందుకండీ" అని అడిగితే కోరంగి కథ చెప్పు. ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు అది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి ఊడ్చేసింది. సముద్రం పొంగినప్పుడు అల జోరుని ముందుగా తట్టుకునేది ఈ మడలే. 1978లో దీన్ని వన్యప్రాణి సంరక్షణ కేంద్రం చేశారు. 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. మీరు నడిచేది అందులో గోరంత.

హీల్స్ వేసుకురాకు, పలకల సందుల్లో ఇరుక్కుంటాయి. అత్తగారి చేతికర్ర కొనకి కూడా రబ్బరు బుడిపె ఉండాలి. మంచు కురిసిన పొద్దున్న చెక్క జారుతుంది, అందుకని పిల్లలకి పట్టున్న చెప్పులు వేయి. దోమలున్నాయి, చేతులు కప్పే బట్టలు మేలు. నీళ్ళ సీసాలు పట్టుకెళ్ళి ఖాళీవి వెనక్కి తెచ్చుకోండి.

పడవ షికారు అంటావేమో, అది నడక తర్వాతే. పాటు మీద కాలవలో నీళ్ళు చాలక పడవ బురదకి ఆనుతుంది. పోటు ఎక్కుతుండగా అయితే హాయిగా సాగుతుంది. లైఫ్ జాకెట్ అందరికీ ఇచ్చాకే ఎక్కండి. ఈతొచ్చని అల్లుడుగారు మొహమాటపడినా సరే, ఆయనకీ తొడిగించు.

ఏ రోజు అనుకున్నావో రెండ్రోజుల ముందు ఫోన్ చెయ్యి. రేవులో పడవ వాళ్ళని అడిగి నీళ్ళు ఎప్పుడు తీస్తాయో చెప్తాను. భోజనానికి మాత్రం హోటళ్ళ వెంట పడకుండా ఇంటికే రండి, మీ అత్త పనసపొట్టు కూర చేస్తానంటోంది.

మీ మావయ్య