బానెట్ కింద ప్రతి తీగకూ రెండు కొసలు

చెన్నై

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు భూతద్దం పెట్టుకుని చూశాను. నువ్వు చేసిన చిన్న నమూనా బండి, ఆ రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యపు జీఎంసీ ట్రక్కుకు వేసిన రంగు, టార్పాలిన్ మడతలు ఎంతో బాగా కుదిరాయి. ఇంజన్ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాను. లోపల తీగలు చాలా ఉన్నాయి కానీ, వాటిలో నాలుగు ఎక్కడ మొదలయ్యాయో తెలుస్తోంది, ఎక్కడికి చేరాయో తెలియడం లేదు. పాత బండ్ల విడిభాగాలమ్మే పుదుపేటలో, షెడ్డులో ఇన్నేళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించినవాడిని, నా కన్ను ముందు అక్కడికే పోతుంది.

ఇంజన్‌లో అందం కోసం పెట్టిన గొట్టం ఒక్కటీ ఉండదు. ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో నూనె, మరొకదానిలో ఇంధనం, తీగలో కరెంటు పారుతుంది. అతికించే ముందు ఏం పారుతుంది, ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడుగు. జవాబు దొరకని తీగను పెట్టకు. తీగలు తక్కువైనా ఫరవాలేదు, తప్పు చోటికి వెళ్లకూడదు.

నీ ట్రక్కుది వరుసగా ఆరు సిలిండర్లున్న పెట్రోలు ఇంజన్. సిలిండర్లకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మీద ఏడు తీగలుండాలి, నువ్వు ఐదే పెట్టావు. నడుమది కరెంటు ఒత్తిడి పెంచే కాయిల్ నుంచి వస్తుంది, చుట్టూ ఉన్న ఆరూ సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులకు వెళతాయి. సిలిండర్లలో నిప్పు పడే వరుస 1-5-3-6-2-4. అంటే మూత మీద పక్కపక్కన ఉన్న రెండు తీగలు పక్కపక్క ప్లగ్గులకు వెళ్లవు, ఒకదాని మీదుగా ఒకటి దాటి పోతాయి. నువ్వు దువ్వెన పళ్లలా సమంగా పేర్చావు. తెలిసినవాడికి ఆ ఇంజన్ స్టార్టు కాదని అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత మన సైన్యం వాడిన శక్తిమాన్ ట్రక్కు చేస్తానన్నావు కదా, అది డీజిల్. డిస్ట్రిబ్యూటర్ ఉండదు, ప్లగ్గు తీగలు ఉండవు. డీజిల్‌ను ఒత్తిడితో నెట్టే ఇంజెక్షన్ పంపు నుంచి, దాన్ని సిలిండర్‌లోకి చిమ్మే ఒక్కో ఇంజెక్టర్‌కు సన్నని ఉక్కు పైపు వెళుతుంది. పనిలో చేరిన కొత్తలో, పంపుకు దగ్గరగా ఉన్న సిలిండర్‌కు అంత పొడుగు పైపు దేనికని పొట్టిది వంచి బిగించబోయాను. మా మేస్త్రీ చేయి పట్టుకుని ఆపాడు. ఆ పైపులన్నీ ఒకే పొడవు ఉండాలి, లేకపోతే డీజిల్ అన్ని సిలిండర్లకూ ఒకే లెక్కన అందదు. అందుకే దగ్గరి పైపు మెలికలు తిరుగుతుంది, దూరపుది దాదాపు తిన్నగా పోతుంది. ఆ మెలిక పెడితే నీ శక్తిమాన్ నిజమైన బండిలా కనిపిస్తుంది. ముందే ఆరు తీగలనూ ఒకే పొడవుకు కోసి పెట్టుకో, వంపులు వాటంతట అవే వస్తాయి.

ఇక లావు సంగతి. 1/35 కొలతలో 1 మిల్లీమీటరు తీగ అంటే అసలు బండిలో 35 మిల్లీమీటర్ల గొట్టం. నువ్వు ప్లగ్గులకు వాడినది అర మిల్లీమీటరు ఉన్నట్టుంది, అంటే మనిషి బొటనవేలంత. మోటార్లకు వైండింగు చేసే దుకాణంలో 36 గేజి రాగి తీగ ముక్క అడుగు, ఊరికే ఇస్తారు. అది సుమారు 0.19 మిల్లీమీటర్లు, ప్లగ్గు తీగకూ డీజిల్ పైపుకూ సరిపోతుంది. ఒక్క క్షణం మంటలో చూపిస్తే మెత్తబడి, వంచినట్టు నిలుస్తుంది. రేడియేటర్ గొట్టాలకు ఎలక్ట్రానిక్ సామాన్ల రిచీ స్ట్రీట్‌లో దొరికే 1.2 మిల్లీమీటర్ల సోల్డర్ తీగ మంచిది. దాని కొసల్లో సన్నగా కోసిన అల్యూమినియం రేకు చుట్టు, అదే క్లాంపు. తీగ దూరే ప్రతి చోటా ముందు రంధ్రం చెయ్యి. పైకి అతికించిన తీగ వేలాడుతున్నట్టే ఉంటుంది.

మురికి విషయంలో తొందరపడకు. ఇంజన్ అంతా ఒకే నలుపు పూశావు. నూనె, పైన వాల్వు కవరు అంచు నుంచి, ముందు టైమింగు కవరు నుంచి, కింద సంపు అనే నూనె తొట్టి అతుకు నుంచి కారుతుంది. కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పాకుతుంది, దాని మీద దుమ్ము పేరుకుంటుంది. పొగ బయటికి పోయే ఎగ్జాస్టు మానిఫోల్డు మీద మాత్రం జిడ్డు నిలవదు, ఆ వేడికి రంగు కూడా కాలిపోయి పొడి తుప్పు గోధుమ రంగు తేలుతుంది. అక్కడ మెరుపు వార్నిష్ అంటనీయకు. 1944లో ఫ్రాన్సులో రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ పేరిట ఇలాంటి ట్రక్కులు ముందుకు సాగుతున్న సేనలకు రాత్రింబగళ్లు సరుకు మోశాయి. నడిపినవారిలో ఎక్కువమంది అమెరికా నల్లజాతి సైనికులు. నీ బండి ఆ దారిలోదైతే బురద చక్రాలకు ఉండాలి, ఇంజన్‌కు వాడకపు జిడ్డు ఉండాలి. నట్ల తలల మీద పెన్సిల్ ముక్కు రుద్దు, రెంచి తగిలిన చోటు మెరుస్తుంది.

బానెట్ ఇప్పుడే అతికించవద్దు. వచ్చే శనివారం పొద్దున పుదుపేటకు రా. దుకాణాల ముందు విప్పిన డీజిల్ ఇంజన్లు ఉంటాయి, పంపు దగ్గర నుంచి ఒక్కో పైపునూ వేలితో తడుముతూ ఇంజెక్టర్ దాకా వెళదాం. ఫోటోలు తీసుకోవడానికి ఫోను నిండుగా చార్జి చేసుకుని రా.

మీ పెదనాన్న