చింత, వేప దుంగలు: గుత్తకు ఇచ్చే ముందు మొదలు భాగం పక్కన పెట్టండి

గుంటూరు దగ్గర మీ ఊళ్ళో ఇల్లు కట్టుకోవడానికి అడ్డొచ్చాయని ఒక పెద్ద చింతచెట్టు, రెండు వేపచెట్లు కొట్టించామని, మూడు వారాలుగా దుంగలు దొడ్లోనే పడి ఉన్నాయని రాశారు. కట్టెల వ్యాపారి ఒకాయన మొత్తానికీ కలిపి గుత్తగా ఒక రేటు చెప్పాడని, అలా ఇచ్చేయాలా, లేక బండి మాట్లాడుకుని విజయవాడ తోలుకుంటే ఎక్కువ వస్తుందా అని అడిగారు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజున, పొన్నూరు పక్కన మా ఊళ్ళో మా తాతగారి కాలం నాటి చింతచెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. దాన్ని అమ్మేసరికి నాకూ మా బాబాయికీ నెల పైన పట్టింది. అప్పుడు తెలిసిన సంగతులే రాస్తున్నాను.

ముందు లెక్క చెబుతాను. మాకు గుత్తకు వచ్చిన బేరం 9,000. కోత, కూలీ, బండి అన్నీ ఆయనవే. అది మరీ తక్కువని మేం ఒప్పుకోలేదు. మేమే కోయించి, మూడు ట్రిప్పులు తోలితే మొత్తం 6,820 కిలోలు తూగింది. టన్ను 3,200 చొప్పున 21,824 రూపాయలు వచ్చాయి. అందులో కోత మెషిన్‌కి 3,500, ఎత్తుడు దింపుడు కూలీ 3,600, ట్రాక్టరు కిరాయి 3,600, కాటా ఖర్చు 300 పోయాయి. మిగిలింది 10,824. అంటే నాలుగు రోజులు ఎండలో నిలబడితే, గుత్త బేరం కంటే ఎక్కువ మిగిలింది 1,824 రూపాయలు. ఇవి అప్పటి మా ఊరి ధరలు, మీకు వేరుగా ఉండొచ్చు. కానీ గుత్త వ్యాపారి చెప్పిన రేటు వినగానే మోసం అనుకోకండి. ఆయన ఖర్చులు కూడా వేసి చూడండి.

మాకు అసలు లాభం వచ్చింది కట్టెల్లో కాదు. చెట్టు మొదట్లో ఏడున్నర అడుగుల మాను ఉంది, దాని చుట్టుకొలత ఏడడుగులు. దాన్ని కూడా ముక్కలు చేసి చీల్చేద్దామని కోత మనిషి అంటుంటే మా బాబాయి ఆపాడు. మటన్ కొట్టు వాళ్ళు మాంసం కొట్టడానికి వాడే మొద్దు చింతదే. గట్టిగా ఉంటుంది, పీచు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటుంది కాబట్టి కత్తి దెబ్బకి తొందరగా చీలదు. ఆ మానుని అడుగున్నర ఎత్తున అయిదు మొద్దులుగా అడ్డంగా కోయించాం. ఒక్కోటి 1,500కి అయిదూ పోయాయి, 7,500 రూపాయలు. కొన్నవాళ్ళే బండి తెచ్చుకుని పట్టుకెళ్ళారు. అదే మానుని కట్టెగా తూచి ఉంటే, మొద్దుకి 180 కిలోల లెక్కన అయిదూ కలిపి మూడు వేలు కూడా వచ్చేవి కావు. కాబట్టి మీ వ్యాపారి గుత్త రేటు బాగుందనిపించినా సరే, "మొదలు భాగం నాది, మిగతాది నీది" అని బేరం పెట్టి చూడండి.

మీ దుంగలు ఎంత తూగుతాయో అంచనా వేసుకోవడం కష్టమేం కాదు. దుంగ మధ్యలో టేపు చుట్టి చుట్టుకొలత అంగుళాల్లో తీయండి. అందులో నాలుగో వంతుని మళ్ళీ దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. కలప అడితుల్లో చాలాకాలంగా వాడే లెక్క ఇది. అయితే గుండ్రటి దుంగకి ఇది అసలు ఘనపరిమాణం కంటే అయిదో వంతు తక్కువ చూపిస్తుంది. కోసినప్పుడు పక్కలు పోతాయి కాబట్టి కలపకి అలా కొలవడం న్యాయమే. వంటచెరకుకి మాత్రం ఈ కొలత ఒప్పుకోకండి, అందులో ముక్క కూడా పారేసేది ఉండదు. ఉదాహరణకి 54 అంగుళాల చుట్టుకొలత, ఆరడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కలో ఏడున్నర ఘనపుటడుగులు. అసలు ఉన్నది తొమ్మిదిన్నర పైనే. పచ్చి చింత అయితే అది దగ్గర దగ్గర 300 కిలోలు ఉంటుంది. ఇలా అన్నీ కొలిచి కాగితం మీద కూడుకుంటే, వ్యాపారితో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఒక అంకె ఉంటుంది.

తూకానికే ఇస్తే కాటా దగ్గర మీరే ఉండండి. ఇది బాగా అనుభవమై చెబుతున్నాను. మా మొదటి ట్రిప్పుకి ఖాళీ ట్రాక్టరు కాటా ఎక్కినప్పుడు నలుగురు కూలీలు వెనక ట్రక్కులోనే (ట్రాలీలో) కూర్చుని ఉన్నారు. నేను చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నాను, ఏమీ తోచలేదు. లోడుతో తిరిగొచ్చేసరికి ఆ నలుగురూ కాటా ముందే దిగి టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. మా బాబాయి వాళ్ళని చూసి, "ఖాళీ బండి తూచినప్పుడు వీళ్ళు ఎక్కడున్నారు రా?" అన్నాడు. నలుగురి బరువు దాదాపు 240 కిలోలు. ఖాళీ బండి బరువులో అది కలిసింది కాబట్టి మా కట్టెలో అంత తగ్గిపోతుంది, డబ్బులో 768 రూపాయలు. వాళ్ళు కావాలని చేశారో లేదో నాకు తెలియదు. లోడు దింపాక మనుషులు లేకుండా బండిని మళ్ళీ ఖాళీగా తూయించాం, కొన్నాయన మారు మాట్లాడకుండా సరిచేశాడు. మిగతా రెండు ట్రిప్పులకీ ఖాళీ, లోడు చీటీలు రెండూ నేనే తీయించి, బండి నంబరు, టైము సరిచూసుకుని ఫోన్లో ఫొటో తీసుకున్నాను.

పచ్చి కట్టె బరువులో మూడో వంతుకు పైగా నీరే ఉంటుంది. ఆరబెడితే రేటు పెరుగుతుంది, తూకం తగ్గుతుంది. స్థలం, ఓపిక ఉంటే చీల్చి ఆరబెట్టండి. చీల్చకుండా దుంగగా పడేస్తే చింత ఏడాదైనా లోపల పచ్చిగానే ఉంటుంది, ఈలోగా పైన పుచ్చు పడుతుంది. మీకు ఇల్లు కట్టే తొందర ఉంది కాబట్టి పచ్చిగా ఇచ్చేయడమే మేలని నాకనిపిస్తుంది.

ఇక కాగితాలు. ఇక్కడే మేం ఎక్కువ టెన్షన్ పడ్డాం. గాలికి పడిపోయిన చెట్టుకి పర్మిషన్ ఏమిటి అనుకుని మొదటి ట్రిప్పు అలాగే తోలాం. రెండో ట్రిప్పు రోడ్డు మీద ఆపి కాగితాలు అడిగారు, సగం రోజు బండి అక్కడే ఉండిపోయింది. సొంత స్థలంలో చెట్టయినా కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. దుంగలు రోడ్డు మీద తరలించడానికి అటవీ శాఖ ఇచ్చే రవాణా పర్మిట్ వేరే. సుబాబుల్, సరుగుడు, జామాయిల్ తోటల వాళ్ళకి రవాణా పర్మిట్ బాధ లేదు. వాళ్ళని చూసి మనకీ అంతే అనుకోవడం పొరపాటు. మేం పాసుపుస్తకం జిరాక్సు, వీఆర్వో గారి దగ్గర రాయించుకున్న కాగితం, పడిన చెట్టు ఫొటోలు పట్టుకుని అటవీ రేంజి ఆఫీసుకి వెళ్ళాం. మీరు కొట్టడానికి ముందు అనుమతి తీసుకున్నారో లేదో రాయలేదు. తీసుకోకపోతే బండి మాట్లాడకముందే రేంజి ఆఫీసుకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దుంగలు దొడ్లో ఉండగా మాట్లాడటం వేరు, రోడ్డు మీద పట్టుబడ్డాక మాట్లాడటం వేరు.

దుంగల్ని ఎక్కించేటప్పుడు దగ్గరుండి చూడండి. మా కూలీలు రెండు సరుగుడు వాసాలు ట్రక్కుకి ఏటవాలుగా ఆనించి, దుంగ కింద నుంచి మోకు వేసి, పైన ఇద్దరు లాగుతుంటే కింద ఇద్దరు దొర్లించారు. ఎంత బరువుదైనా అలా ఎక్కుతుంది. ప్రమాదమంతా దింపేటప్పుడే. మూడో ట్రిప్పులో వెనక తలుపు తీయగానే పై దుంగ దొర్లి కింద పడింది. తలుపు తీసిన కుర్రాడి పాదానికి జానెడు దూరంలో మట్టిలో దిగబడింది. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు గుర్తే. తలుపు తీసే ముందు దుంగలకి అడ్డంగా రాళ్ళో చెక్కలో పెట్టించండి, తీసే మనిషిని పక్కన నిలబడి తీయమనండి. దుంగల మీద ఎవర్నీ కూర్చోబెట్టి తోలకండి. పొడవు ట్రక్కు దాటకుండా ముందే కోయించండి. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించాక అధిక లోడుకి జరిమానా 20,000 రూపాయలు, దాని మీద అదనపు టన్నుకి 2,000. మీ మూడు చెట్లూ అమ్మినా అంత మిగలకపోవచ్చు.

విజయవాడ సంగతి. మూడు చెట్ల కట్టెకి అంత దూరం వద్దండి. గుంటూరు నుంచి 35 కిలోమీటర్లు, దారిలో కాజ టోల్‌గేటు. ప్రకాశం బ్యారేజీ మీద పెద్ద బళ్ళని పోనివ్వరు, కనకదుర్గ వారధి మీద నుంచే వెళ్ళాలి. టన్నుకి మూడు నాలుగు వందలు ఎక్కువిచ్చినా కిరాయికే చాలదు. లారీ నిండా పది టన్నులుంటే అప్పుడు ఆలోచించొచ్చు. దగ్గర్లోని ఇటుక బట్టీలు, పెళ్ళి వంటల వాళ్ళు, కట్టెల పొయ్యి మీద వండే బిర్యానీ హోటళ్ళు, బేకరీలు అడిగి చూడండి. వంట వాళ్ళు చీల్చిన ఎండు పేళ్ళే అడుగుతారు, బట్టీల వాళ్ళు ఎలా ఉన్నా తీసుకుంటారు.

వేప పొగ ఘాటని వంట వాళ్ళు పెద్దగా ఇష్టపడరు. మీ వేప మాను తిన్నగా ఉంటే గుమ్మాలకి పనికొస్తుంది, మీరు కట్టుకునే ఇంటికే కోయించుకోండి. ఇంటి చెట్టు కాబట్టి బట్టల తీగకి కొట్టిన మేకులు లోపల ఉండొచ్చు. మిల్లు వాళ్ళకి ఆ మాట ముందే చెప్పండి, రంపం పాడవుతుంది.

ఒక్క పని మాత్రం ఈ రోజే చేయండి. చింత మొదలు భాగం నీడలోకి దొర్లించి, కోసిన రెండు మొహాల మీదా తడి గోనెపట్టాలు కప్పండి. ఎండకి ఒక్కసారిగా ఆరితే నడిమధ్య నుంచి పగుళ్ళు వస్తాయి. పగుళ్ళిచ్చిన మొద్దుని మటన్ కొట్టు వాళ్ళు ముట్టుకోరు, ఇప్పటికే మూడు వారాలైంది.