ఆఫీసు పనికి మినీ పీసీ (అరచేతిలో పట్టేంత చిన్న పెట్టెలా ఉండే డెస్క్‌టాప్ కంప్యూటర్) సరిపోతుందా? ఏం చూసి కొనాలి?

టాలీ, ఎక్సెల్, జీఎస్‌టీ పోర్టల్, మెయిల్ వరకే అయితే నిక్షేపంగా సరిపోతుంది. ప్రాసెసర్ గురించి మరీ టెన్షన్ పడకండి. ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న చిప్ కూడా ఈ పనులు చేస్తుంది. వేల వరుసల ఎక్సెల్ ఫైళ్లు రోజూ తెరిచేవాళ్లు మాత్రం ఐ5 లేదా రైజెన్ 5 తీసుకోవాలి.

అసలు చూడాల్సింది ర్యామ్. కొన్ని మోడళ్లలో దాన్ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోలేం. స్లాట్ ఉన్నదే అడగండి. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డ్రైవ్) ఉంటే నిశ్చింత.

తర్వాత పెట్టె వెనక్కి తిప్పి పోర్టులు లెక్కపెట్టండి. కీబోర్డు, మౌస్, ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్: యూఎస్‌బీలు నాలుగు ఇక్కడే అయిపోయాయి. పాత మానిటర్‌కు వీజీఏ (పాతకాలం వీడియో పోర్టు) మాత్రమే ఉంటే కన్వర్టర్ కావాలి.

సెకండ్ హ్యాండ్‌లో డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ మంచివే. కానీ ఇంటెల్ 8వ తరం (ఐ5-8500 లాంటి చిప్‌లు) కంటే పాతది వద్దు. విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 ఏమో అంతకంటే పాత చిప్‌లను దాదాపుగా ఒప్పుకోదు. అడాప్టర్ ఒరిజినలో కాదో కూడా చూసుకోండి, ఈ మోడళ్లకు పవర్ సప్లై బయటే ఉంటుంది.